కిందన పట్టుకున్న గొంతు

సంగీతం టీచరునని తెలిస్తే చాలు, ఆటో డ్రైవరు దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా అందరిదీ ఒకటే కోరిక: "ఒక పాట పాడండి మేడమ్." పళ్ల డాక్టరు మరీ ఉత్సాహవంతుడు, నా నోట్లో తన చెయ్యి ఉండగానే అడిగాడు. "కాసేపు వినండి మేడమ్" అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను జీతం తీసుకున్నది చాలావరకు ఆ పనికే.

విజయనగరంలో ఒక ట్రస్టు నడిపే సంగీత పాఠశాలలో గాత్రం చెప్పి ఈ మధ్యనే రిటైరయ్యాను. వీడ్కోలు సభలో మాట్లాడినవాళ్లందరూ నా గొంతును పొగిడారు. నా గొంతు సంగతి నాకు తెలుసు. విన్నవాళ్లు లేచిపోరు, లేవనివాళ్లు చప్పట్లు కొట్టడం కొంచెం ఆలస్యం చేస్తారు. అంతే.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న కుర్ర టీచర్లు కొందరు, ఏం చదువుకుని రావాలి మేడమ్ అని అడుగుతుంటారు. రాగలక్షణాలు, తాళాలు మీకు ఎలాగూ చెప్పే ఉంటారు. ఎవరూ చెప్పనిది ఒకటుంది. మీరు పాడింది పిల్లలు వినరు, తమకు వినిపించింది వింటారు. వాళ్లు పాడింది మీరూ వినరు, మీకు వినిపించింది వింటారు. ఈ రెండు వినడాల మధ్య ఖాళీ ఎక్కడుందో వెతుక్కోవడమే ఉద్యోగం. మిగతాది హాజరు పట్టీ.

దగ్గు సంప్రదాయం

ఒక చలికాలం నాకు దగ్గు పట్టుకుంది. ప్రతి వరుస ఎత్తుకునే ముందు "హుఁ" అని గొంతు సవరించుకునేదాన్ని. శివరాత్రి వెళ్లేసరికి దగ్గు పోయింది, నేను మర్చిపోయాను.

వేసవిలో పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. మొదటి పిల్ల శ్రుతి చూసుకుని, "హుఁ" అని, షడ్జం అందుకుంది. రెండో పిల్లా అంతే. తరవాత వచ్చిన పిల్లాడు మరీ శ్రద్ధగా, తాళం వేసే చేతిని ఆపి మరీ "హుఁ" అన్నాడు. పెద్దాయన కొంతసేపు ఓపిక పట్టి నా వైపు వంగి, "ఏమండీ, ఈ పద్ధతి ఎక్కడిది? దక్షిణాదిలో నేనెక్కడా వినలేదే" అన్నారు.

"స్థానికం అండీ" అన్నాను.

ఆ పిల్లలు తప్పు చెయ్యలేదు. గొప్పగా విన్నారు. ఏది పాటో, ఏది కఫమో వేరు చేసుకునే జల్లెడ మనకుంటుంది, వాళ్లకింకా ఉండదు. గురువు నోట్లోంచి వచ్చిందంతా పాఠమే. నిషాదం పాడేటప్పుడు నా ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుందని నాకు తెలిసింది కూడా ఒక పిల్లాడి మొహం చూసే. కనుబొమ్మ దించి పాడరా అంటే వాడికి నిషాదమే పలకలేదు. వాడికి ఆ స్వరం కనుబొమ్మలో ఉంది మరి.

ఎకో ఎన్నో నెలలో నేర్పిస్తారు?

టీవీల్లో పిల్లల పాటల పోటీలు ఊపందుకున్న రోజులవి. శ్రీకాకుళం నుంచి ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చి చేర్పించి, కొన్ని వారాలు చూసి, నన్ను వరండాలోకి పిలిచింది.

"అన్నీ బాగానే సెప్తన్నారు మేడమ్. గాని టీవీలో పిల్లలు పాడితే ఎనకాల మోత వస్తాది సూడండి, గొంతు గుండ్రంగా తిరుగుతాది. మా పాపకి అది ఇంకా రాలేదు. అది ఎన్నో నెలలో నేర్పిస్తారు?"

అది మైకులో కలిపేదమ్మా, గొంతులోంచి రాదు అన్నాను. నా చేతకానితనాన్ని మైకు మీదికి నెడుతున్నానని ఆమెకు అర్థమైంది. నెలాఖరుకి పిల్లని మాన్పించి, మోత నేర్పేచోట చేర్పించింది.

కొత్తవలస నుంచి బ్యాంకు ఉద్యోగి సన్యాసిరావు గారని ఒకాయన సాయంత్రం క్లాసుకు వచ్చేవారు. రిటైరయ్యేలోగా నాలుగు కీర్తనలు నేర్చుకోవాలని ఆయన ముచ్చట. అప్పుడే అందరి చేతుల్లోకీ రికార్డింగు ఉన్న ఫోన్లు వస్తున్నాయి. ఒకరోజు ఆయన పాడింది ఆయన ఫోనులోనే రికార్డు చేసి వినిపించాను.

ఆయన మొహంలో రంగు మారింది. "ఇది నాది కాదు మేడమ్. ఫోను నాసిరకం."

మర్నాడు బావమరిది ఫోను తెచ్చారు. ఆ తరవాత బ్యాంకు మేనేజరుది తెచ్చారు. ఫోను మారేకొద్దీ గొంతు ఇంకా స్పష్టంగా ఆయనదే అవుతోంది. చివరికి ఆయన భార్యే తీర్పు చెప్పింది: "పెళ్లయిన కాడ్నించి మాకు ఇలాగే ఇనబడతన్నాది బాబూ. సెప్తే ఇన్నారేటి?"

మన గొంతు మనకు చెవిలోంచి సగం, ఎముకల్లోంచి సగం వినబడుతుంది. ఎముకల్లోంచి వచ్చేది నిండుగా, గంభీరంగా ఉంటుంది. పక్కవాళ్లకు మన ఎముకలతో సంబంధం లేదు. సన్యాసిరావు గారు ఇన్నేళ్లూ లోపల ఒక గంభీరమైన విద్వాంసుణ్ని మోసుకు తిరిగారు. నేను ఫోను నొక్కి ఆయన్ని తీసేశాను. చాలా రోజులు క్లాసుకు రాలేదు. ఇలాంటి సమయాల్లో నవ్వకండి. ఆ మనిషి నిజంగానే ఒకరిని పోగొట్టుకున్నాడు.

మళ్లీ వచ్చాక, గోడ మూలకు మొహం పెట్టి, చెవి వెనక అరచెయ్యి ఆన్చుకుని పాడమన్నాను. బయటికి పోయిన గొంతు గోడకు తగిలి చెవికి తిరిగొస్తుంది. మెల్లగా ఆ కొత్తమనిషితో పరిచయం కుదిరింది. ఇప్పుడాయన రోజూ పొద్దున్నే పాడి, రికార్డు చేసి, నాకు వాట్సాప్‌లో పంపుతున్నారు. దానికి మందు నాకింకా దొరకలేదు.

ఎస్తేరు

ఇవన్నీ నవ్వుకోవడానికి. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం ఒక పిల్ల బతుకుదారి ఉంది.

ఎస్తేరు ఆమదాలవలస అమ్మాయి. పొద్దున పాసెంజరులో వచ్చి, స్టేషను నుంచి నడుచుకుంటూ స్కూలుకొచ్చేది. తండ్రి రైసు మిల్లుకు లారీ నడిపేవాడు, తల్లి ఆసుపత్రిలో నర్సు. బాప్టిస్టు చర్చి కుటుంబం. ఇంటరయ్యాక తల్లి నర్సింగు అంది, పిల్ల సంగీతం అంది. సర్టిఫికెట్టు తెస్తే చిన్న తరగతులకు పాటల టీచరుగా తీసుకుంటామని వాళ్ల ఊళ్లో ఒక స్కూలువాళ్లు మాటిచ్చారు. కొన్నాళ్లు వాదించుకుని తల్లీకూతుళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. మొదటి ఏడాది పరీక్ష గట్టెక్కితే సంగీతం, లేకపోతే నర్సింగు.

చేరడానికి వచ్చిన రోజు మా ప్రిన్సిపాల్ గారు ఏదైనా పాడమన్నారు. కళ్లు మూసుకుని వాళ్ల చర్చి పాట ఒకటి పాడింది. "శ్రుతి అతుక్కుని ఉంది పిల్లకి" అన్నారాయన. ఆయన మెచ్చుకోవడమంటే మాటలు కాదు. మా స్కూలు పైకప్పు మరమ్మతు కూడా అంతకంటే తరచుగా జరిగేది.

క్లాసు మొదలయ్యాక ఆ శ్రుతి ఏమైపోయిందో ఏమో! మా క్లాసులో అందరూ కలిసి పాడతారు. ముందు నేను పాడతాను, తరవాత వాళ్లతో పాటు మళ్లీ పాడతాను. ఎస్తేరు మాత్రం పాట మొదలైన కాసేపటికి కిందికి దిగిపోయేది. అందరూ షడ్జం మీద ఉంటే ఆ పిల్ల అడుగున ఎక్కడో ఉండేది. మేం పంచమానికి వెళ్తే తనూ కదిలేది గానీ పంచమానికి కాదు. పక్కనున్న పిల్లలు చెవులు మూసుకోవడం మొదలెట్టారు. మా దగ్గర చేరాక పాడైన మొదటి గొంతు ఇదేం కాదు గనక టీచర్లెవరూ ఆశ్చర్యపోలేదు.

విడిగా కూర్చోబెట్టుకున్నాను. పిల్ల తడబడితే మనం గొంతు కలిపి ఊతమివ్వడం మా వృత్తిలో అలవాటు. కలిపాను. అంతవరకు బాగానే ఉన్నది కాస్తా కిందికి దిగింది. ఇంకా గట్టిగా పాడాను. ఆ పిల్ల నా వైపు చూసి, ఆప్యాయంగా నవ్వి, ఇంకా గట్టిగా కిందే పాడింది.

"ఎస్తేరూ, నేను పాడింది వినబడుతోందా?"

"ఇనబడతన్నాది మేడమ్. బాగున్నాది."

"మరి అలా పాడవేం?"

"పాడతన్నాను కద మేడమ్." పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇక్కడ నాను ఏటి సేసినా మీకు తప్పే అవతన్నాది. ఇంటికాడ ఎవులికీ తప్పు అనిపించదు."

ప్రిన్సిపాల్ గారు ఒకరోజు వరండాలో నిలబడి విన్నారు. "గాత్రం వద్దు. వీణకు మార్చెయ్యండి" అన్నారు. వీణ చెప్పే సుభద్ర గారికి ఒళ్లు మండింది. "గొంతు చెడినవాళ్లందర్నీ నాకే పంపండి. రేపు వేళ్లు విరిగినవాళ్లను నేను మీకు పంపుతాను." ఏడాది మధ్యలో వీణకు మారడమంటే మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టడం. వాళ్లమ్మ అంతదాకా ఆగదు. పిల్లకు ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు. ఎలాగో బతిమాలి, పరీక్షదాకా గాత్రంలోనే ఉంచడానికి ఆయన్ని ఒప్పించాను. మొదటి ఏడాది పరీక్ష చేసేది ఆయనే.

వెనక బెంచీ

ఆ ఏడు చలికాలంలో ఒక ఆదివారం శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికని బయల్దేరి ఆమదాలవలసలో రైలు దిగాను. ముహూర్తానికి చాలా టైముంది. నాయనమ్మ మిమ్మల్ని చూడాలంటోందని ఎస్తేరు ఎప్పట్నుంచో పిలుస్తోంది. స్టేషనుకు వచ్చి, ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్దామని నన్ను చర్చికి తీసుకెళ్లింది. వెనక బెంచీలో కూర్చోబెట్టి, తను ముందుకెళ్లి ఒక ముసలావిడ పక్కన నిలబడింది.

పాట మొదలైంది. చర్చి అంతా ఒక్కసారిగా పాడుతోంది. అందులోంచి ఎస్తేరు గొంతు నా చెవికి దొరికింది. క్లాసులో విన్న తప్పే. కిందికి దిగిపోయింది. పక్కనున్న ముసలావిడా దిగిపోయింది. వంశపారంపర్యం కాబోలు, పాపం, అనుకున్నాను. చుట్టుపక్కల ఒక్కరూ చెవులు మూసుకోలేదు. అది కొంచెం వింతగా తోచింది.

రెండో చరణానికి ఇంకోటి తోచింది. తప్పిపోయిన గొంతు ఎటుపడితే అటు తిరుగుతుంది. ఈ రెండు గొంతులూ తిరగడం లేదు. పై పాట మెట్టు ఎక్కితే ఇవీ తమ మెట్టు ఎక్కుతున్నాయి. అది ఆగినచోట ఇవీ ఆగుతున్నాయి. షడ్జం కింద పంచమం, పంచమం కింద గాంధారం. మూడో చరణానికి నాకు తప్పు వినిపించడం మానేసింది. పాట కింద ఇంకో పాట వినిపించింది. చర్చిలో మారిందేమీ లేదు. అదే పాట, అదే జనం. పెళ్లికని పట్టుచీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చున్న మనిషి చెవి మాత్రం మారింది.

ఇంటికెళ్లాక నాయనమ్మ టీ ఇచ్చింది. చర్చిలో ఎస్తేరు పక్కన నిలబడ్డావిడే, పేరు సంతోషమ్మ. మొహమాటమనే జబ్బు ఆవిడకు లేదు.

"మా పిల్లకి పాట రాదని సెప్పినారంట?"

"రాదనలేదండీ. కిందికి దిగిపోతోందన్నాను."

"దిగిపోడం ఏటి? దాని పాట అదే కదా. ఆల్టో. మిషను దొరసాని మాయమ్మకి నేర్పినాది, మాయమ్మ నాకు, నాను దీనికి. పైన పాట అందరూ పాడతారు మేడమ్. కిందన ఎవులో ఒకలు పట్టుకోవాల కదా. పట్టుకోకపోతే పాట గాల్లో ఏలాడతాది."

"మా క్లాసులో అందరూ ఒకటే పాడతామండీ."

ముసలావిడ టీ గ్లాసు కింద పెట్టింది. "అందరూ ఒకటేనా?"

"ఒకటే."

"మరైతే అంతమందెందుకు?"

నేను టీ తాగడంలో పడ్డాను.

ఎస్తేరు గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అంది: "మీరొక్కలే పాడతన్నారని పట్టుకున్నాను మేడమ్. మీరు గట్టిగా పాడితే, ఇంకా గట్టిగా పట్టుకోమన్నారు అనుకున్నాను."

ఆ నవ్వు అప్పుడు అర్థమైంది. ఇన్ని నెలలూ నేను ఆ పిల్లకు ఊతమిస్తున్నాననుకున్నాను. ఆ పిల్ల నాకు ఊతమిస్తోంది.

ఒకే కుర్చీ

మీకు చెప్పదలచుకున్న పనిముట్టు ఇదొక్కటే: నోరు మూసుకోవడం. సోమవారం శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టి, నేను పెదవి కదపకుండా కూర్చుని, పాడమన్నాను. ఎస్తేరు మొదట్నుంచి చివరిదాకా వెంట్రుకవాసి కదలకుండా పాడింది. చేరిన రోజు ప్రిన్సిపాల్ గారు విన్నది అబద్ధం కాదు. అప్పుడు ఆ పిల్ల పక్కన ఎవరూ పాడలేదు, అంతే.

అంతటితో అయిపోలేదు. రేపు టీచరయ్యాక ముప్ఫైమంది పిల్లలతో కలిసి పాడాలి. నేను పాడుతుంటే అదే స్వరం మీద నిలబడమన్నాను. ప్రయత్నించింది. నిలబడ్డ మరుక్షణం ఒళ్లు ముడుచుకుని ఆపేసింది.

"ఏమైంది?"

"ఒకే కుర్సీలో ఇద్దరం కూకున్నట్టున్నాది మేడమ్. మీరు కూకున్న కాడ నాను ఎలా కూకుంతాను?"

సంగీతం గురించి చాలా పుస్తకాలు చదివాను. ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు నా స్వరం వినబడకపోవడం కాదు, నాది అని వినబడుతోంది. పెద్దవాళ్ల చోటులో కూర్చోకూడదని చిన్నప్పట్నుంచి దాని గొంతుకు తెలుసు.

"కుర్చీ నాది కాదే. శ్రుతిపెట్టెది. నేనూ వచ్చి కూర్చున్నాను, నువ్వూ కూర్చో. కొంచెం జరుగుతాను" అన్నాను.

నవ్వింది. ఆ నవ్వులోనే ఒక క్షణం కూర్చుంది. రెండు గొంతులు సరిగ్గా ఒకటైతే మధ్యలో అదురు ఆగిపోతుంది. గది ఒక్కసారి నిశ్శబ్దమైనట్టు ఉంటుంది, మనం పాడుతూనే ఉన్నా. "ఏటి మేడమ్ ఇది, నాను కనబడ్డం నేదు!" అని భయపడి లేచిపోయింది. మర్నాడు ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చుంది.

ఇక ఒక్క గండం మిగిలింది. మా ప్రిన్సిపాల్ గారు పరీక్షలో ఎవరు పాడుతున్నా తనూ పాడతారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆయన గదికి వెళ్లి చర్చి సంగతంతా చెప్పాను. సావధానంగా విన్నారు. "బాగుంది. అక్కడ అది ఒప్పు. ఇక్కడ పరీక్ష మన పద్ధతిలో కదా" అన్నారు. కాదనలేం.

"అందుకే ఒక మనవి సార్. ఆ పిల్ల పాడేటప్పుడు మీరు పాడకుండా ఉంటే..."

"నేనా?" ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "పరీక్షలో నేనెప్పుడు పాడానమ్మా?"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయనకు నిజంగానే తెలియదు. నా దగ్గు నాకు తెలియనట్టే, సన్యాసిరావు గారి గొంతు ఆయనకు తెలియనట్టే.

పరీక్ష

ఎస్తేరు తల్లి ఆ రోజు డ్యూటీ మార్చుకుని వచ్చింది. వరండాలో, కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. నర్సులు డాక్టరు కోసం ఎదురుచూసినప్పుడు కూర్చుంటారే, అలా, వీపు ఆన్చకుండా.

లోపల ప్రిన్సిపాల్ గారు, పక్కన సుభద్ర గారు, ఓ మూల నేను. సరళీ వరుసలు బాగానే జరిగాయి. ఆయన వేళ్లతో తాళం వేస్తూ ఊరుకున్నారు. నాకు ఆశ పుట్టింది. మోహనరాగంలో గీతం అందుకోగానే ఆయన పెదవులు కదిలాయి. రెండో వరుసకు గొంతు బయటికొచ్చింది. మూడో వరుసకు ఎస్తేరు కంటే ఆయనదే గట్టిగా వినబడుతోంది.

ఎస్తేరు నా వైపు చూసింది. నేను కుర్చీలో ఒక పక్కకు జరిగి కూర్చున్నాను. అంతకంటే చెయ్యగలిగింది ఏమీ లేదు. ఆ పిల్ల కళ్లు మూసుకుంది. గొంతు ఒక్కసారి వణికింది. దిగలేదు.

గీతం పై షడ్జానికి వెళ్లింది. ఆడపిల్లల శ్రుతిలో అది మగగొంతుకు అందే ఎత్తు కాదు. ఆయన అందుకోబోయారు, సగం దూరం వెళ్లారు, జారారు. ఎస్తేరు పైనే ఉండిపోయింది. శ్రుతిపెట్టె ఎస్తేరు వైపు ఉంది. గదిలో మాత్రం అధికారం ఆయన వైపు ఉంది. రెండు గొంతులూ చిటపటలాడాయి. సుభద్ర గారు నేల వైపు చూశారు.

ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఎవరు తప్పారు?"

కిటికీ బయట తల్లి లేచి నిలబడింది.

"నిన్నే అమ్మా. ఎక్కడో తప్పింది. ఎవరు?"

ఎస్తేరు కళ్లు తెరిచింది. మొహంలో భయం లేదు. పెద్దాయన చేసిన మేలుకు మర్యాదగా నవ్వింది.

"ఎవులూ తప్పలేదు సార్. మీరు కిందన పట్టుకున్నారు కదా. అందుకే నాను పైన ఉండిపోనాను."

గదిలో శ్రుతిపెట్టె ఒక్కటే మోగుతోంది. ఆయన దాని వైపు చూశారు. తరవాత నా వైపు. నేను పైకి చూశాను. పైకప్పు మరమ్మతుకొచ్చిందని అప్పుడే గమనించాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నేను పాడుతున్నానా?" అని సుభద్ర గారిని మెల్లగా అడిగారు.

"కొంచెం సార్" అన్నారావిడ.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మొదట్నుంచి పాడమ్మా. నేను వింటాను." ఆ మాట ఆయన నోట వినడం మా స్కూలు చరిత్రలో అదే మొదటిసారి. పెదవులు బిగబట్టుకుని కూర్చున్నారు. పిల్ల పాడింది. పై షడ్జం దగ్గర ఆయన చెయ్యి తనంతట తనే పైకి లేచి, అక్కడ ఒక క్షణం ఆగి, మళ్లీ తొడ మీద వాలింది.

"ఈ పిల్లను వీణకు పంపిద్దామన్నది ఎవరు?" అన్నారు.

"ఎవరో సార్" అన్నారు సుభద్ర గారు.

బయట తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "నర్సింగు ఫారం తెచ్చీసినాను మేడమ్. ఇప్పుడేటి సెయ్యాల దాన్ని?" ఆవిడ గొంతులో కోపం లేదు. మర్నాడు పాసెంజరులో ఎస్తేరు మామూలుగానే వచ్చింది.

ఆఖరి మాట

మీ క్లాసులో ఒక పిల్ల మీరు పాడనిది పాడితే, తప్పు అనే ముందు ఒక్కసారి నోరు మూసుకుని వినండి. అప్పటికీ తప్పే అయితే తప్పనే చెప్పండి. చాలాసార్లు తప్పే ఉంటుంది, మరీ ఆశలు పెట్టుకోకండి. కానీ ఆ పిల్ల ఎవరి పక్కన నిలబడి పాట నేర్చుకుందో అడగడానికి ఖర్చేమీ లేదు.

ఎస్తేరు ఇప్పుడు ఆమదాలవలసలో పాటల టీచరు. నా వీడ్కోలు సభకు వచ్చి రెండో వరుసలో కూర్చుంది. పొగడ్తలయ్యాక నన్ను పాడమన్నారు. వయసుతో నా పై షడ్జం ఎప్పుడో సెలవు పెట్టింది. మెట్టు ఎక్కబోతూ సగంలో ఆగాను. ఆ క్షణంలో నా గొంతు దానంతట అదే పైకి చేరి నిలబడింది. అదురు లేదు, అంచు లేదు. రెండో వరుసలో ఎస్తేరు కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. కింద పట్టుకోలేదు. సరిగ్గా నేను కూర్చోవలసిన చోటే కూర్చుంది, నాకు చోటు వదిలి.

సభలో ఎవరికీ రెండో గొంతు వినబడలేదు. రిటైరయ్యాక కూడా ప్రతి సభకూ వచ్చే మా పాత ప్రిన్సిపాల్ గారు దగ్గరికొచ్చి, "ఇన్నేళ్లలో మీ గొంతు ఇంత బాగా ఎప్పుడూ వినలేదమ్మా" అన్నారు.

నేను కాదనలేదు.